సామి పేరు లేని దీక్ష

తుఫాను రోజున బావమరిదిని వీపున వేసుకొని సముద్రంలోంచి ఒడ్డుకు ఈదుకొచ్చినవాణ్ణి నేను. పడవ బోర్లాపడింది. అలలు తాటిచెట్లంత ఎత్తున లేస్తున్నాయి. నా వీపు మీద మా దానయ్య, వాడి నోట్లో అరుపు, నా నోట్లో ఉప్పునీళ్లు. మా పేటలో ఈ కథ తెలియని మనిషి లేడు. ఎలా ఉంటాడు, అందరికీ చెప్పింది నేనే కదా.

అంతటివాణ్ణి, నిరుడు వేసవిలో నరసన్నపేట సెలూన్‌లో మెడకు తెల్లగుడ్డ కట్టించుకొని, ఒక చెంప గీయించుకొని, రెండో చెంప నురగతోనే లేచి రోడ్డు మీదికి పరిగెత్తాను. తరిమినవాడు ఎవడూ లేడు. సముద్రానికి లొంగనివాడు సబ్బు నురగకు ఎందుకు లొంగాడు? ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది కనుక ఆ సంగతి తిరగేసి చూడాలని ఉంది. సగం గడ్డాలతో తిరుగుతున్నవాళ్లు నాలాగే ఇంకా ఎందరున్నారో, వాళ్లకూ పనికొస్తుందేమో.

అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుక మీద పడుకొని ఉన్నాయి. నేను వేట మానేసి చాలాకాలమైంది. వలలు బాగుచేస్తాను, పేటవాళ్లకు అర్జీలు రాసిపెడతాను. ఆ రోజు వల దారం కోసం నరసన్నపేట వెళ్లి, పనిలో పనిగా గడ్డం గీయించుకుందామని కూర్చున్నాను. మనసులో ఏ దిగులూ లేదు. నిజం చెప్పాలంటే మామిడికాయ వేసిన చేపల పులుసు గురించి ఆలోచిస్తున్నాను. కత్తి గొంతు దగ్గరికి వచ్చేసరికి మెడ వెనక చల్లగా ఏదో పాకింది. గుండె ఒక్కసారి జారి, ఆ తర్వాత బోటు ఇంజనులా కొట్టుకోవడం మొదలెట్టింది. వేళ్ల చివర చీమలు. ఊపిరి లోపలికి వెళ్తోంది గానీ చాలడం లేదు. అద్దంలో ఉన్న ముసలాడు నేనేనని తెలుసు, అయినా ఎవడో పరాయివాడిలా ఉన్నాడు. అప్పుడొక మాట వచ్చింది. ఆలోచనలా కాదు, ఎవరో కబురు తెచ్చినట్టు వచ్చింది: అయిపోయింది, ఇదే.

పరిగెత్తి పరిగెత్తి చెరకురసం బండి దగ్గర కూలబడ్డాను. సెలూన్ అతను నా వెనకాలే వచ్చాడు. గుడ్డ కోసం వచ్చాడనుకొని మెడలోంచి లాగబోయాను. అతని చేతిలో నా చెప్పులున్నాయి.

"గుడ్డ ఉండనీ తాతా. రోడ్డు కాల్తన్నాది, ముందివి ఏసుకో," అన్నాడు.

అక్కణ్ణుంచి వెళ్లిన ఆసుపత్రిలో రొమ్ముకు తీగలు పెట్టి కాగితం తీశారు. "నీ గుండె నా గుండెకన్నా బాగుంది తాతా," అన్నాడు కుర్ర డాక్టరు. చెప్పొద్దూ, కొంచెం నిరాశపడ్డాను. అంత పెద్ద చావు చచ్చి వస్తే గ్యాస్ బిళ్ల ఇచ్చి పంపుతారా? రక్తం చూశారు. ఇంకో పెద్ద పరీక్ష చేశారు. ఏమీ లేదు. అయినా ఆ దడ మళ్లీ వచ్చినప్పుడల్లా ఆసుపత్రికే పరిగెత్తేవాణ్ణి. చివరికి అక్కడి నర్సమ్మ నన్ను చూడగానే, "వచ్చీసినావా తాతా? కూకో. సచ్చిపోయే ముందు టీ తాగుతావేటి?" అనేది. ఆ టీ తాగుతుండగానే తగ్గిపోయేది. అది నాకు మరీ అవమానంగా ఉండేది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పరీక్షలు చేయించుకోవడం తప్పు కాదు. రొమ్ములో అలా అయినప్పుడు ముందు చూపించాల్సింది గుండెకే, ఎందుకంటే ఒక్కోసారి అది నిజంగా గుండే కావచ్చు. నేను చేసిన పొరపాటు ఆ తర్వాతది.

ఆషాఢం వచ్చేసరికి నా లోకం ముడుచుకుపోయింది. మొదట సెలూన్ వదిలేశాను. తర్వాత నరసన్నపేట. తర్వాత ఆటో, ఎందుకంటే పక్కన ఇద్దరు కూర్చుంటే చటుక్కున దిగడం కుదరదు. తర్వాత పెళ్లిళ్లు, పేరంటాలు. చివరికి స్నానాల గదికి గడియ పెట్టుకోవడం కూడా మానేసి, తలుపుకు బకెట్టు అడ్డం పెట్టేవాణ్ణి. ఎక్కడికి బయల్దేరినా సగం దారిలో అది వచ్చేది; వెనక్కి తిరిగితే పోయేది. ఇల్లే మందు అనుకున్నాను. వెనక్కి తిరిగిన ప్రతిసారీ దానికి ఇంత మేత వేస్తున్నానని తెలియలేదు. కొన్నాళ్లకు ఇంట్లో కూడా ఒంటరిగా ఉండలేకపోయాను. మా ఆవిడ పోలమ్మ నాకు కనబడుతూ ఉండాలి.

నాకు ఆమె కనబడాలి సరే, ఆమెకు నేను కనబడడం లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమకంటికి మనిషి వస్తే నీడ కదిలినట్టు మాత్రం తెలిసేది. పేటకు వచ్చి చూసిన కంటి డాక్టరు, ముదరబెట్టకుండా విజయనగరం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించమని నాతోనే చెప్పాడు. మా కొడుకు గుజరాత్ బోట్ల మీద పనిలో ఉన్నాడు. నేను తీసుకెళ్తానని దానయ్య ముందుకొచ్చాడు. పోలమ్మ తమ్ముడే కదా వాడు. ఆమె ఒప్పుకోలేదు.

"నానెల్లిపోతే మీ బావ దగ్గిర ఎవులుంటారు? తలుపేసుంటే బెదిరిపోతన్నాడు. ఎల్తే ఇద్దరం ఎల్తాం, నేకపోతే నేదు."

ఇద్దరం వెళ్లాలంటే నేను కదలాలి. నేను కదలను. ఆమె కంట్లో శుక్లం ముదురుతూనే ఉంది.

ఈలోగా నా గడ్డం పెరిగింది. ఒకనాడు దానయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి బావా, గెడ్డం పెంచీసినావు? మొక్కేటి?"

సెలూన్ కుర్చీ అంటే భయమని చెప్పాలా? సముద్రం ఈదినవాణ్ణి! "దీక్ష," అన్నాను.

"ఏ సామి దీక్ష?"

"పేరు బయటికి చెప్పకూడదు."

అంతే. మర్నాటికి పేటంతా తెలిసిపోయింది. మేం గాలినీ నీటినీ నమ్ముకొని బతికేవాళ్లం. దీక్షలో ఉన్నవాణ్ణి గుచ్చి గుచ్చి అడిగే అలవాటు మాకు లేదు. పసుపు పంచె కట్టాను. నాకన్నా పెద్దవాళ్లు కూడా "సామీ" అని చేతులు జోడించడం మొదలెట్టారు. పొలిమేర దాటకూడదని నియమం అన్నాను; ఇక ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదు. భయాన్ని కప్పడానికి ఇంతకన్నా మంచి గుడ్డ లోకంలో లేదని మురిసిపోయాను. ఒక్కటి మాత్రం మర్చిపోయాను. దీక్షలో ఉన్నవాడు చేప తినకూడదు.

మా పేటలో మధ్యాహ్నమైతే ప్రతి ఇంటి పొయ్యి మీదా చేప ఉడుకుతుంది. ఆ వాసన దీక్షలూ నియమాలూ చూసుకోదు. పోలమ్మ తడుముకుంటూ రెండు గిన్నెల్లో వండేది. తనకు వంకాయ, ఎండు నెత్తళ్ల చేపలు. నాకు ఉత్త వంకాయ. గిన్నె వేరు, గరిటె వేరు, కలిస్తే అపచారం. నేను పీట మీద కూర్చొని, పక్క గిన్నెలోని నెత్తళ్ల వాసన పీలుస్తూ, ఉత్త వంకాయతో అన్నం మింగేవాణ్ణి. ఏ సామికీ నామీద జాలి కలగలేదు. ఉంటే కదా.

కార్తీకం వచ్చింది. నిజమైన దీక్షల నెల. పేటలో కుర్రాళ్లు నల్లబట్టలు కట్టి, మాలలు వేసుకొని, కొండకు బస్సు మాట్లాడుకొని నేరుగా మా ఇంటికి వచ్చారు.

"నువ్వే మా గురుసామివి తాతా. ముందు సీటు నీదే."

బస్సు! రోజుల తరబడి! మూసిన తలుపులు! నేను కళ్లు మూసుకొని, గంభీరంగా, "నా సామి నన్ను బస్సు ఎక్కొద్దన్నాడు," అన్నాను.

"ఏ సామి బావా ఆడు?" అన్నాడు దానయ్య వెనకనుంచి. "బస్సంటే పడని సామి ఏ కొండ మీదున్నాడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే, ఒక మధ్యాహ్నం, పోలమ్మ అన్నం పెట్టి వంకాయ కూర వేసింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నెత్తళ్లు! కరకరలాడే తల, ఉప్పు, కారం. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కారానికో, అన్ని నెలల తర్వాత చేప తగిలినందుకో చెప్పలేను. ఆ తర్వాత అర్థమైంది. గిన్నెలు మారిపోయాయి. వంకాయేదో చేపేదో తేడా తెలియనంతగా ఆమె చూపు పోయింది.

"కూర ఎలాగున్నాది మావా?" అంది, మొహం నావైపు తిప్పి.

"బాగుంది."

"ఇంకాసి ఏయనా?"

"వెయ్యి," అన్నాను.

అదీ తిన్నాను. తిని, చెయ్యి కడుక్కొని, తీరానికి వెళ్లి దానయ్య పడవ చాటున కూర్చొని ఏడ్చాను. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. అంతా చెప్పేశాను. దీక్షా లేదు, సామీ లేడు, సెలూన్ కుర్చీ అంటే భయం, బస్సంటే భయం, గడియ అంటే భయం, ఇక్కడ నేను సామినై కూర్చుంటే అక్కడ మీ అక్క కళ్లు పోతున్నాయి అని.

దానయ్య నా గడ్డం కేసి చూశాడు. "మరి ఆ గెడ్డానికి నా సేత దండాలెట్టించుకున్నావు కద బావా?" అన్నాడు. అంతే. లేచి మోటారుసైకిల్ తీశాడు.

శ్రీకాకుళం దాకా వాడి చొక్కా పట్టుకొని కళ్లు మూసుకొని కూర్చున్నాను. వాడి చొక్కా గుండీ ఒకటి ఆ దారిలోనే ఎక్కడో ఉండిపోయింది. నర్సమ్మ అప్పట్లోనే వెళ్లమన్న మనసు జబ్బుల డాక్టరు గది ముందు బల్ల మీద, ఎవరూ గుర్తుపట్టకుండా తువ్వాలు మొహానికి చుట్టుకున్నాను. నా పక్కన ఇంకొకాయన కూడా అలాగే చుట్టుకొని కూర్చున్నాడు. తువ్వాళ్లలోంచి ఒకరినొకరం కాసేపు చూసుకున్నాం. పక్క ఊరి పెద్దమనిషి.

"ఎవులికో తోడొచ్చాను," అన్నాడు ఆయన.

"నేనూ అంతే," అన్నాను. ఇద్దరం ఒంటరిగానే కూర్చొని ఉన్నాం. దానయ్య టీకి వెళ్లాడు.

దానయ్య కూడా నాతో లోపలికి వచ్చాడు. డాక్టరమ్మ అంతా విన్నది. "ఇలాంటిది ఇంతకుముందు ఎప్పుడైనా అయిందా?" అని అడిగింది. నేను తుఫాను కథ ఎత్తుకున్నాను. తాటిచెట్టంత అల దాకా వచ్చి ఆగిపోయాను. ఆమె ఏదీ కాదనడం లేదు, కలం పట్టుకొని ఊరికే ఎదురుచూస్తోంది. అలా ఎదురుచూసేవాళ్ల ముందు అబద్ధం నిలవదు.

"ఈదలేదమ్మా," అన్నాను. "పడవ తిరగబడిన చోట రొమ్ము లోతు నీళ్లే. నడిచి వచ్చాం."

"ఈపెక్కింది కూడా నాను కాదమ్మా," అన్నాడు దానయ్య. "ఈ బావే."

ఆమె నవ్వు ఆపుకుంది. "అప్పుడు భయం వేసిందా?"

"వేసింది. ఇదే గుండెదడ, ఇవే చీమలు."

"మరి ఆసుపత్రికి పరిగెత్తారా?"

"ఎందుకమ్మా? అంత అల మీద పడుతుంటే గుండె కొట్టుకోదా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే దాన్ని విన్నాను. అదే భయం! కొత్తది కాదు. తుఫానులో దానికి చేతినిండా పని ఉంది. సెలూన్‌లో పనీపాటా లేకుండా వచ్చి కూర్చుంది.

అప్పుడామె విడమరిచి చెప్పింది. ప్రమాదం ఉందని ఒంటికి తప్పుడు కబురు అందుతుంది. కబురు తప్పు, కానీ ఒళ్లు సిద్ధపడటం మాత్రం నిజం. అందుకే అది నటన కాదు, పిచ్చీ కాదు. దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. మళ్లీ వస్తుందేమో అని కాచుకొని కూర్చోవడంలోనే జబ్బు సగం ఉంటుంది. మందుతో, సాధనతో తగ్గుతుంది.

నాకు మా పెద్దవల గుర్తొచ్చింది. ఒకడు ఇసుక దిబ్బ మీద నిలబడి నీళ్లు చూస్తుంటాడు. చేపల గుంపు కనబడితే గుడ్డ ఊపుతాడు. పేటంతా వల తీసుకొని పరిగెత్తుతుంది. ఒక్కోసారి వాడు మబ్బు నీడను చూసి ఊపేస్తాడు. చేపలుండవు. కానీ మా పరుగు పరుగే, ఆయాసం ఆయాసమే. ఈ సంగతి ఆమెకు చెప్పాను.

ఆమె కుర్చీ ముందుకు జరిపింది. "అలా పొరబడినవాణ్ణి దిబ్బ మీంచి తీసేస్తారా?"

"తీసేస్తే ఎలాగమ్మా? మళ్లీ నిజంగా చేపలొస్తే చెప్పేదెవరు? మరోసారి ఊపితే పరిగెత్తం. నడుచుకుంటూ వెళ్లి చూస్తాం."

"నేను మీకు చెప్పబోయేది అదే," అంది.

తర్వాత ఒక పని చేయించింది. అక్కడే కూర్చోబెట్టి గబగబా ఊపిరి తీయమంది. తీశాను. చూస్తుండగానే వేళ్ల చివర చీమలు, మూతి చుట్టూ తిమ్మిరి, గది దూరంగా జరిగినట్టు! మామూలుగా ఊపిరి తీసుకోమంటే మెల్లగా సర్దుకున్నాయి. నా చీమల్ని నేనే పిలవగలను, నేనే పంపగలను! చిన్నప్పుడు ఎండ్రకాయ కన్నంలో పుల్ల పెట్టి చూసినంత సంబరం వేసింది. "మళ్లీ చెయ్యనా అమ్మా?" అన్నాను. "చాలు, చాలు," అంది ఆమె.

మందు బిళ్ల చిన్నది. మొదట్లో కడుపులో వికారం పెట్టింది, మానేద్దామనుకున్నాను. అడగకుండా మానొద్దని ఆమె గట్టిగా చెప్పింది కనుక మింగాను. కొన్ని వారాలకు గుడ్డ ఊపేవాడి చెయ్యి కొంచెం నెమ్మదించింది. సాధన వేరే. దేనికి భయమో దాని దగ్గరికి వెళ్లాలి, తగ్గేదాకా అక్కడే ఉండాలి. మొదట సెలూన్. అతను నా కుర్చీని వీధి తలుపు వైపు తిప్పాడు. "పరిగెత్తాలనిపిస్తే పరిగెత్తు తాతా, ఈసారి సెప్పులేసుకొనే కూకో," అన్నాడు. గడ్డం తీయించుకొని పేటకు వస్తే పెద్ద గొడవ. దీక్ష ఎప్పుడు విరమించావు, ఎక్కడ విరమించావు అని. "సామి కలలోకొచ్చి సాలన్నాడు," అని దానయ్యే సర్దిచెప్పాడు. అబద్ధాల్లో వాడు నాకు శిష్యుడు.

మాఘంలో పోలమ్మను తీసుకొని విజయనగరం బయల్దేరాను. ఆమదాలవలసలో రైలెక్కాం. ఆమె కిటికీ పక్కన, నేను ఆమె పక్కన. పొందూరు దాటగానే మెడ వెనక చల్లగా పాకింది. రైల్లో తలుపు మన చేతిలో ఉండదు. నడుచుకుంటూ వెళ్లి చూడాలి, పరిగెత్తకూడదు అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. చీపురుపల్లిలో రైలు ఆగేసరికి ఆ మాటలన్నీ గాలికి పోయాయి. చప్పుడు చెయ్యకుండా లేచి దిగిపోయాను.

ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే హాయి. ఆ హాయిని నేను ఎరుగుదును. ఆషాఢంలో సగం దారిలో వెనక్కి తిరిగినప్పటి హాయి అదే. మా కిటికీ పక్కగా నిలబడి లోపలికి చూశాను. పోలమ్మ నా ఖాళీ సీటు వైపు సగమే తిరిగి, ఎడమకన్ను కిటికీ వైపు పెట్టి, స్టేషన్ గోలకేమో, గొంతెత్తి మాట్లాడుతోంది.

"కన్ను బాగయ్యాక ముందు నీ మొకమే సూడాల మావా. గెడ్డం తీసీసినాక ఎలాగున్నావో ఏటో. నువ్వు పక్కనుంటే నాకు ఆపరేషనంటే బెదురు నేదు."

రైలు కూత వేసింది. కదులుతున్న రైలు వెంట పరిగెత్తి, కమ్మీ పట్టుకొని ఎగిరి ఎక్కాను. కాదు, ఇంకా కదల్లేదు, మెట్లెక్కే వెళ్లాను. కానీ ఆ మెట్లు నాకు తాటిచెట్టంత ఎత్తున్నాయి. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అది పూర్తిగా వచ్చింది. ఈసారి దాన్ని చూస్తూ కూర్చున్నాను: ముందు వేళ్లు, తర్వాత గొంతు, తర్వాత 'ఇదే' అన్న కబురు. గరివిడి దగ్గర ఇక దీనికన్నా పెరగదు అన్నంత పెరిగింది. నిజంగానే అంతకన్నా పెరగలేదు. నెల్లిమర్ల వచ్చేసరికి ఒంట్లో చెమట, చిన్న వణుకు మిగిలాయి. దాని ఆయుష్షు రెండు మూడు స్టేషన్లు. దానికోసం నేను ఎన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాను!

కంటి ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. మళ్లీ చిన్నగా మొదలైంది. పక్కన పాతపట్నం నుంచి వచ్చిన రైతు ఒకాయన తన చేతిసంచి నా ఒళ్లో పెట్టాడు. "అన్నా, ఇది సూస్తుండు, మందులకెల్లొస్తాను. నిమ్మళంగా కూకున్నోడివి నువ్వొక్కడివే కనపడ్డావు," అని వెళ్లిపోయాడు. నిమ్మళంగా! నవ్వొచ్చింది. ఇంకొకరి సంచి ఒళ్లో ఉండగా పారిపోవడం ఎలా? ఆయన తిరిగొచ్చేసరికి నిజంగానే నిమ్మళించాను.

మర్నాడు కట్టు విప్పారు. పోలమ్మ ఆ కంటితో నన్ను తేరిపార చూసి, "ఓలమ్మ, ఇంత ముసిలోడివైపోనావేటి మావా?" అంది. రెండో కన్ను తర్వాత చేశారు. దానికి బస్సులో వెళ్లాం.

నాకు అది ఇంకా అప్పుడప్పుడూ వస్తుంది. వస్తే, ఈసారి ఏ దారిన వచ్చిందా అని చూస్తాను.

ఇదంతా రాసి నిన్న పోలమ్మకు చదివి వినిపించాను. నెత్తళ్ల కూర దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపు. గిన్నెలు మారిపోనాయని రాసినావేటి?"

"మారిపోయాయి కదా. నీకు కనపడక..."

"కళ్లు పోతే ముక్కు కూడా పోతాదేటి? బుద్ధెరిగినప్పట్నుంచి సేపల బుట్ట మోసినదాన్ని. నెత్తల్లేవో వంకాయేదో తెలీదేటి నాకు? నీది దొంగ దీక్షని ఆసాడంలోనే తెలుసు. నీ అంతట నువ్వు సెప్తావని సూసాను, సెప్పలేదు. అందుకని ఏసాను. నోరు మూసుకొని తినీసి, ఇంకాసి ఏయించుకున్నావు."

నేను కలం తీసి కొట్టేయబోయాను.

"ఉండు, ఇంకోటున్నాది," అంది. "రైల్లో నాను కాళీ సీటుతో మాటాడినానని రాసినావు. నాకేటైనా పిచ్చేటి? కిటికీ పక్కన నిలబడ్డ నీడతో మాటాడినాను."